జ్యూరీ సమన్లు వచ్చాయి, క్రిమినల్ కేసు పడితే ఎలా?

ప్లేనో_పద్మ:
నిరుడే సిటిజన్‌షిప్ వచ్చింది. అప్పుడే టెక్సాస్‌లో మా కాలిన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి సమన్లు, కేసు విని తీర్పు చెప్పే మామూలు జనంలో, అంటే జ్యూరీలో, కూర్చోడానికి మెకిన్నీ కోర్టుకి రమ్మని. "పోలీసులేం చెప్తే అదే నమ్ముతానను, ఇంటికి పంపేస్తారు" అంటున్నారు మావారు. హత్య కేసో ఏదో పడి, వాళ్ల ఇంగ్లీషు సగం అర్థం కాకపోతే? ఎవరైనా కూర్చున్నారా?

గోదారోడు_డాలస్:
నేను కూర్చున్నానండి, తుపాకీ చూపించి దోచుకున్న కేసు. మీవారి సలహా మాత్రం వద్దు, ప్రమాణం చేయించాకే ప్రశ్నలడుగుతారు. ఇంగ్లీషుకీ బెంగ పడకండి, సాక్షులు మనలాంటి మామూలు జనమే.

ఎంపికప్పుడు అందరి చేతికీ తలో నంబరు అట్ట ఇచ్చారు. "మా వాడు బోనెక్కకపోతే తప్పు చేశాడనుకుంటారా?" అని డిఫెన్స్ లాయరు అడిగితే, నా పక్కాయన "ఏ తప్పూ లేనోడు నోరెందుకు మూసుకుంటాడు?" అనేశాడు. ఆయన్ని తీసేశారు. ముద్దాయి మాట్లాడకపోతే దాన్ని తప్పుగా ఎంచకూడదన్న రూలు మన రచ్చబండ బుర్రలకి ఎక్కడం కష్టమే లెండి.

దోషి అని తేల్చడం మాకు కష్టం కాలేదు, కెమెరాలో అంతా ఉంది. నలిగిపోయింది తర్వాత. టెక్సాస్‌లో ముద్దాయి ముందే కోరుకుంటే శిక్ష కూడా జ్యూరీయే వేస్తుంది, చాలా రాష్ట్రాల్లో అది జడ్జి పని. మా కేసుకి 5 ఏళ్ల నుంచి 99 ఏళ్లు, లేదా యావజ్జీవం. ఆ కుర్రాడి తల్లి బోనెక్కి, వాడికి చిన్నప్పుడు స్కూల్లో ఇచ్చిన సర్టిఫికెట్ చూపించింది. అంతకుముందే షాపు క్లర్కు, తలుపు గంట మోగితే ఇప్పటికీ గుండె ఆగినంత పనవుతుందన్నాడు. గదిలోకెళ్తే ఒకావిడ 7 అంటుంది, ఒకాయన 40 అంటాడు. పన్నెండుమందీ ఒకే అంకె మీదికి రావాలి. ఎవరో సగటు తీద్దామన్నారు, లాటరీలా తేల్చకూడదని జడ్జి గారి కాగితంలో ఉందని మా జ్యూరీ పెద్ద చదివి వినిపించాడు. చివరికి 18.

ఇంట్లో మా ఆవిడ గుచ్చి గుచ్చి అడిగినా కేసు ముగిసేదాకా నోరు విప్పకూడదు, గూగుల్ చేయకూడదు. ఇచ్చేది మొదటిరోజు 20 డాలర్లు, రెండోరోజు నుంచి 58.

బెజవాడ_ప్లీడరు:
మా దగ్గర ఆ బాధే లేదమ్మా. 1959లో బొంబాయి నానావతి కేసులో (భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ ఆఫీసరు) జ్యూరీ 8–1తో నిర్దోషి అంది, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపారు, అక్కడ యావజ్జీవం పడింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో జ్యూరీ ఊసే లేకుండా పోయింది. అయినా పదేళ్లు వాయిదాలు తిరిగే మా క్లయింట్లని చూస్తే, ఆ పన్నెండుమందే నయమనిపిస్తుంది.

గ్రీన్‌కార్డ్_గిరి:
నాకూ వచ్చాయి సమన్లు! చెత్తబుట్టలో పడేయనా?

గోదారోడు_డాలస్:
అయ్యో, వద్దు. సిటిజన్ కాదని టిక్ పెట్టి వెనక్కి పంపండి. పొరపాటున సిటిజన్‌నని పెట్టారో, రేపు మీ సిటిజన్‌షిప్‌కే ఎసరు.

ప్లేనో_పద్మ:
థాంక్స్ అన్నయ్యా. బాబుకి ఎనిమిదేళ్లు, మావారు ఎప్పుడూ క్లయింట్ సైట్లలోనే.

గోదారోడు_డాలస్:
పన్నెండేళ్లలోపు పిల్లాణ్ణి చూసుకునేవాళ్లు ఇంకెవరూ లేకపోతే మినహాయింపు ఉందమ్మా, సమన్ల మీదే ఉంటుంది చూడు. అత్తగారు ఇక్కడే ఉంటే మాత్రం వెళ్లు.