క్యాష్ టెస్టులో 4 శాతాన్ని 10 చేస్తే తప్పా? రివ్యూలో ఇరుక్కున్నాను

అరవైనాలుగు_బైట్లు
మా టీమ్ ఇంకా పాత లాంగ్‌టర్మ్ లినక్స్ కెర్నెల్ మీదే ఉంది. అందులో రెస్‌కంట్రోల్ (ప్రాసెసర్ క్యాష్‌ని ప్రోగ్రాములకి పంచే కెర్నెల్ ఫీచర్) సెల్ఫ్‌టెస్టుల్లో క్యాట్ టెస్ట్ ఉంటుంది కదా, ఎల్3 క్యాష్‌లో (కోర్లన్నీ పంచుకునే, ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఏ ప్రాసెస్ ఎంత భాగం వాడుకోవాలో మాస్కు (ఒక్కో బిట్ ఒక్కో వాటా) రాసి, ఆ తర్వాత క్యాష్ మిస్సులు (కావలసింది క్యాష్‌లో దొరకని సార్లు) లెక్కపెట్టేది. లెక్కకీ అంచనాకీ తేడా 4 శాతం దాటితే ఫెయిల్.

ల్యాబ్‌లో మెషీన్‌కి 22 ఎంబీ ఎల్3, మాస్కులో 11 బిట్లు. 6 బిట్లు ఇస్తే 12 ఎంబీ, అంటే 64 బైట్ల లైన్లు 1,96,608, మిస్సులు కూడా అన్నే రావాలి. ఒక్కోసారి 2,10,400 దాకా వస్తోంది. తేడా 7, ఫెయిల్. మళ్లీ నడిపితే పాస్. అందుకని 4ని 10 చేసి ఒక్క లైన్ ప్యాచ్ (కోడ్ మార్పు) పంపాను. రివ్యూ చేసే ఆయన మూడు వారాలుగా "10 ఎందుకు?" అని ఒకటే ప్రశ్న. మీరైతే ఏం చేస్తారు?

పాతమేస్త్రి
ఆయన అడిగింది న్యాయమే. తూకం తేడా వస్తోందని కాటాలో రాయి మార్చేస్తారా? ఇవాళ 7 వచ్చిందని 10 పెట్టారు, రేపు 12 వస్తే 15 పెడతారు. పదేళ్లకు ఆ టెస్ట్ ఏ చెత్త ఇచ్చినా పాస్ అంటుంది.

రెస్‌కంట్రోల్ 2017లో 4.10లో వచ్చినప్పటి నుంచి దీని మీదే పని చేస్తున్నాను. పక్క వర్చువల్ మెషీన్ వాడు క్యాష్ అంతా ఊడ్చేస్తుంటే మనవాడికి తన వాటా దక్కాలి, ఈ ఫీచర్ ఉన్నదే అందుకు. ఆ హామీ నిలబడిందా లేదా చెప్పేది ఈ అంకె ఒక్కటే. దాన్ని సడలించాలంటే కారణం రాయాలి. కొత్త టెస్ట్ కోడ్‌లో బఫర్ (టెస్ట్ వాడే మెమరీ ముక్క) చదివే చోట 23 అనే ప్రధాన సంఖ్య చొప్పున గెంతేలా పెట్టారు, వరసగా చదివితే ప్రిఫెచర్ (తర్వాత ఏం కావాలో ఊహించే హార్డ్‌వేర్) ముందే తెచ్చిపెడుతుందని. ఎందుకో పైన కామెంట్ ఉంది. మీ 10కి కామెంట్ ఏది?

టీ_తాగి_వస్తా
ముందు 4 ఎందుకో అడగండి సార్ 😀

అర్ధరాత్రి_ఫోన్
అదే నేనూ అంటున్నాను. మేస్త్రి గారూ, ఆ 4కి కామెంట్ ఏది? ఎవరి మెషీన్ మీదో అంత వచ్చింది, పెట్టారు. మీరు చెప్పిన 23 దగ్గరి కామెంట్ పూర్తిగా చదివారా? కొన్ని ప్రధాన సంఖ్యలు కొన్ని ఆర్కిటెక్చర్ల మీద మిగతావాటికంటే బాగా పనిచేస్తాయని అందులోనే ఉంది. అంటే వాళ్లూ నడిపి చూసి పెట్టుకున్నదే. వాళ్లు చేస్తే ఇంజనీరింగ్, ఈ కుర్రాడు చేస్తే కాటాలో రాయి మార్చడమా?

అసలు ఇది కెర్నెల్ టెస్టే కాదు. కెర్నెల్ పని ఎంత? మాస్కుని రిజిస్టర్‌లో రాయడం, టాస్క్ మారినప్పుడల్లా దాని క్లాస్ నంబర్‌ని (ఏ మాస్కు వర్తిస్తుందో తెలిపేది) ఆ కోర్‌కి చెప్పడం. ఆ తర్వాత సిలికాన్ ఇష్టం. మధ్యలో బిట్ వదిలేసి స్కీమాటా ఫైల్‌లో మాస్కు రాసి చూడండి, పాత ఇంటెల్ చిప్ అయితే కెర్నెల్ తిప్పికొట్టాలి. అదీ టెస్ట్ అంటే. అవును, కాదు, అంతే. ఈ శాతాల గోల ఉండదు.

పాతమేస్త్రి
రిజిస్టర్‌లో రాయడంతో పని అయిపోయిందంటే, పెళ్లిపత్రిక అచ్చేసి పెళ్లయిపోయిందన్నట్టుంది. వాడుకునేవాడికి కావలసింది రిజిస్టర్ కాదు, వేగం.

పైగా 4 ఎందుకో తెలియకపోతే 4నే ఉంచాలి. మార్చేవాడి మీదే ఉంటుంది రుజువు చూపించే బాధ్యత.

గోదారి_బిట్
మెషీన్‌లో షేరబుల్ బిట్స్ ఫైల్‌లో ఏముందో చూడండి. మా దగ్గర 600 (హెక్సాడెసిమల్‌లో) ఉండేది, అంటే పై రెండు బిట్లు నెట్‌వర్క్ కార్డు లాంటి వాటితో పంచుకున్నవి. దాని వల్లే అయ్యుండొచ్చు.

అరవైనాలుగు_బైట్లు
మాదీ 600 అండీ. కానీ 7 శాతం వచ్చింది కింది 6 బిట్ల గ్రూపులో. ఆ రెండూ ఇందులో లేవు.

అర్ధరాత్రి_ఫోన్
రుజువు కావాలా? ఉగాది రోజు పచ్చడి గిన్నె చేతిలో ఉండగా ఫోన్. "క్యాట్ ఫెయిల్, రిలీజ్ ఆగిపోయింది, ఎవరు చూస్తున్నారు?" అని. లాగిన్ అయి మళ్లీ నడిపాను, పాస్. మూడు నెలల్లో పద్నాలుగు సార్లు ఇదే తంతు. పద్నాలుగు సార్లూ నేను చేసిన పని మళ్లీ రన్ నొక్కడం. ఏడాది చివర రేటింగ్‌లో "సమస్యల మూలకారణం కనుక్కోవడంలో వెనకబడ్డారు" అని రాశారు. మూలకారణం ఏమిటంటే 4.

పాతమేస్త్రి
మీ రేటింగ్‌కీ ఈ టెస్టుకీ ఏం సంబంధం? పద్నాలుగు సార్లు రన్ నొక్కే బదులు ఒక్కసారి కోడ్ తెరిచి ఉంటే ఆ రేటింగ్ వచ్చేది కాదేమో.

అర్ధరాత్రి_ఫోన్
చాలా బాగా చెప్పారు. మీరు చివరిసారి రాత్రి పన్నెండుకి లేచి లాగ్ చూసింది ఎప్పుడు? మీలాంటి పెద్దలు "రుజువేది" అని ఒక్క ముక్క రాసి పడుకుంటారు. టెస్ట్ ఎరుపు (ఫెయిల్) వచ్చినప్పుడు కూర్చునేది మేము.

టీ_తాగి_వస్తా
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. టీ పంపనా?

పాతమేస్త్రి
పంపండి. కానీ ఇది తేలాలి. అర్ధరాత్రి గారూ, మీ పేచీ 4తో కాదని నాకు ఇప్పుడే అర్థమైంది. ఎరుపు వస్తే ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి అన్న ఏర్పాటుతో మీ పేచీ. 10 పెడితే ఫోన్ రాదు, అంతే కదా?

అర్ధరాత్రి_ఫోన్
అవును, అంతే! అందులో సిగ్గేముంది? కారణం లేని ఎరుపు పద్నాలుగు సార్లు వస్తే పదిహేనోసారి నిజంగా విరిగినా ఎవడూ నమ్మడు. మా టీమ్‌లో ఇప్పటికే ఎవరూ నమ్మడం లేదు. మీ పేచీ మటుకు అంకెతోనా? రివ్యూలో మీ మాట లేకుండా ఒక్క లైన్ కూడా లోపలికి పోకూడదు, అదీ మీది.

పాతమేస్త్రి
పోకూడదు. అలా వదిలేసిన లైన్లని తర్వాత ఏళ్ల తరబడి మోసింది నేను కాబట్టి.

ఊరకే_చదివేవాణ్ణి
నేను ఎప్పుడూ రాయను, ఇవాళ రాస్తున్నాను. మీరిద్దరూ ఆ పాత ఫైల్ తెరిచారా? టెస్ట్ చేసేది ఇది. మాస్కుకి సరిపడా సైజులో బఫర్ తీసుకుంటుంది, సీఎల్‌ఫ్లష్ అనే ప్రాసెసర్ ఆదేశంతో బఫర్ మొత్తాన్ని క్యాష్‌లోంచి బయటికి తోసేస్తుంది, తర్వాత ఒక్కసారి చదువుతుంది, ఆ ఒక్క చదువులో మిస్సులు లెక్కపెడుతుంది.

అన్నీ బయటికి తోసేశాక మొదటిసారి చదివితే ప్రతి లైన్ మిస్సే కదా. మాస్కు 6 బిట్లున్నా, 11 ఉన్నా. 1,96,608 లైన్ల బఫర్ చదివితే 1,96,608 మిస్సులు. మనం కొలుస్తున్నది మనం పెట్టిన బఫర్ సైజుని. క్యాష్ పంపకం ఇందులో ఎక్కడా లేదు.

అర్ధరాత్రి_ఫోన్
ఆగండి ఆగండి. నిజమా?

అరవైనాలుగు_బైట్లు
స్కీమాటాలో మాస్కు రాసే లైన్ కామెంట్ చేసేసి పది సార్లు నడిపాను. తొమ్మిది పాస్, ఒకటి ఫెయిల్. అచ్చం మాస్కు ఉన్నప్పటిలాగే.

టీ_తాగి_వస్తా
పద్నాలుగు ఫోన్లు 🙏

ఊరకే_చదివేవాణ్ణి
ఇది బయట ఎప్పుడో పట్టుకున్నారు. 2024లో మెయిన్‌లైన్‌లో (అసలు లినక్స్ కోడ్‌లో) టెస్ట్‌ని తిరగరాశారు. ఇప్పుడు సగం బిట్లకి సరిపడా బఫర్ తీసుకుని, రెండుసార్లు చదివి, రెండో చదువులో మిస్సులు చూస్తారు. సగం బిట్లతో మొదలుపెట్టి ఒక్కో బిట్ తగ్గిస్తూ ఒక్క బిట్ దాకా వస్తారు. వాటా తగ్గే కొద్దీ మిస్సులు పెరగాలి. పెరగకపోతే ఫెయిల్. షేరబుల్ బిట్లని కూడా పక్కన పెడతారు. ప్యాచ్ వెనక్కి తీసుకుని ఆ మార్పుల్ని మీ కోడ్ చెట్టులోకి తెచ్చుకోండి.

అర్ధరాత్రి_ఫోన్
చూశారా మేస్త్రి గారూ, నేను మొదటి నుంచీ అంటున్నదే. ఇది కెర్నెల్ టెస్ట్ కాదు.

పాతమేస్త్రి
నేను మొదటి నుంచీ అంటున్నదే. ఆ 10 లోపలికి పోయి ఉంటే ఫెయిల్ ఆగిపోయేది, ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

అర్ధరాత్రి_ఫోన్
4 ఉన్న ఇన్నేళ్లూ మీకు బయటపడిందా మరి?

అరవైనాలుగు_బైట్లు
అయ్యా, ఇద్దరికీ దండం. ప్యాచ్ వెనక్కి తీసుకున్నాను. కొత్త టెస్ట్ తెస్తాను, కాస్త పెద్ద పని, వారం పడుతుంది.

పాతమేస్త్రి
మంచిది తమ్ముడూ. ఆ కొత్తదాంట్లో మిస్సులు ఎంత పెరగాలని పెట్టారు?

ఊరకే_చదివేవాణ్ణి
మిగిలిన బిట్లలో ఒకటి తీసేసి, బిట్టుకి ఒక శాతం చొప్పున. 5 బిట్ల నుంచి 4కి దిగితే కనీసం 3 శాతం పెరగాలి.

పాతమేస్త్రి
ఒకటే ఎందుకు?