కో-ఆప్ బోర్డు ‘కాదు’ అన్నప్పుడు కారణం చెప్పి తీరాలా?

జాక్సన్ హైట్స్ నివాసి (చర్చ ప్రారంభం):

న్యూయార్క్ నగరంలో సొంత ఇల్లు కావాలనుకునే మనవాళ్లలో చాలామంది మొదట కో-ఆప్ ఫ్లాట్లనే చూస్తారు, ఎందుకంటే అదే పేటలోని కాండోతో (ఫ్లాటే నేరుగా కొనుగోలుదారు సొంతమయ్యే పద్ధతి) పోలిస్తే వాటి ధర సాధారణంగా తక్కువగా ఉంటుంది. అయితే కో-ఆప్‌లో మనం కొనేది ఫ్లాటును కాదు. భవనానికి యజమాని అయిన కార్పొరేషన్‌లో కొన్ని వాటాలను, వాటితో వచ్చే దీర్ఘకాలపు లీజును కొంటాము. ఆ వాటాలు ఎవరి పేరు మీదికి మారాలన్నది వాటాదారులు ఎన్నుకున్న బోర్డు నిర్ణయిస్తుంది. పన్ను పత్రాలు, బ్యాంకు ఖాతాల వివరాలు, ఉద్యోగ ధ్రువీకరణ, పరిచయస్థుల సిఫారసు ఉత్తరాలు అన్నీ సమర్పించి, ఇంటర్వ్యూకు కూడా వెళ్లి వచ్చిన తరువాత, ‘మీ దరఖాస్తు ఆమోదం పొందలేదు’ అన్న ఒక్క వాక్యంతో వ్యవహారం ముగిసిపోవచ్చు. కాండో బోర్డుకు ఈ అధికారం లేదు. కొనుగోలుదారును అడ్డుకోవాలంటే అది సాధారణంగా అదే ధరకు తానే ఆ ఫ్లాటును కొనుక్కోవాలి.

తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా చెప్పాలనే బిల్లులు నగర కౌన్సిల్ ముందుకు పలుమార్లు వచ్చాయి. అటువంటి నిబంధన తప్పనిసరిగా ఉండాలని నా అభిప్రాయం. భిన్నాభిప్రాయం ఉన్నవారు, ముఖ్యంగా బోర్డుల్లో పనిచేసినవారు, తమ మాట చెప్పాలని కోరుతున్నాను.

ఫారెస్ట్ హిల్స్ కోశాధికారి:

నేను మా భవనం బోర్డులో కోశాధికారిని, జీతం లేని పని. ఈ ప్రతిపాదనను నేను వ్యతిరేకిస్తున్నాను.

కో-ఆప్ భవనం మొత్తం మీద ఒకే తాకట్టు రుణం ఉండటం మామూలు. ఆ రుణానికీ, భవనం ఖర్చులకూ తన వంతుగా కట్టే నెలవారీ మెయింటెనెన్స్‌ను ఒక కుటుంబం కట్టడం మానేస్తే, ఆ లోటును మిగిలిన కుటుంబాలే భరించాలి. కాబట్టి కొత్తగా వచ్చేవారి ఆర్థిక స్థితిని లోతుగా పరిశీలించడం బోర్డు బాధ్యత. దీన్ని న్యాయస్థానాలూ గుర్తించాయి. 1990లో వన్ ఫిఫ్త్ ఎవెన్యూ భవనానికి చెందిన లెవాండస్కీ కేసులో, బోర్డు తన అధికార పరిధిలో, భవనం ప్రయోజనం కోసం, సదుద్దేశంతో తీసుకున్న నిర్ణయాన్ని కోర్టులు తిరగదోడకూడదని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అపీల్స్ చెప్పింది. ‘బిజినెస్ జడ్జిమెంట్ రూల్’ అన్న ఆ రక్షణ లేకపోతే ఈ పనికి ఎవరూ ముందుకు రారు.

ఇప్పటికే మా మీద ఉన్న బరువును కూడా చూడండి. ఆరు అంతస్తులు దాటిన భవనాల వెలుపలి గోడలను ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించాలి. 25,000 చదరపు అడుగులు దాటిన భవనాలకు 2019 నాటి నగర చట్టం ‘లోకల్ లా 97’ కింద కర్బన ఉద్గారాల పరిమితి ఉంది, దాన్ని మించితే టన్నుకు 268 డాలర్ల జరిమానా పడుతుంది. వీటికి తోడు ప్రతి తిరస్కరణకూ కారణం రాసివ్వాలంటే, ఆ కాగితాన్ని పట్టుకుని ప్రతివారూ దావా వేస్తారు, బోర్డు సభ్యుల బీమా ప్రీమియం పెరుగుతుంది, చివరికి ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోకే వస్తుంది.

రీగో పార్క్ అమ్మకందారు:

కోశాధికారి గారూ, ఈ చర్చలో అమ్మేవారి మాట ఎవరూ ఎత్తడం లేదు. మా ఫ్లాటు కొనడానికి వచ్చినవారిని మా బోర్డు తిరస్కరించింది. నేను ఆ కార్పొరేషన్‌లో వాటాదారును. అయినా నాకు సైతం కారణం చెప్పలేదు. ఆదాయం చాలలేదా, ధర తక్కువగా ఉందని వద్దన్నారా తెలియకుండా తరువాతి కొనుగోలుదారును నేను ఎలా వెతకాలి? ఆ నెలల మెయింటెనెన్స్ మాత్రం నేనే కట్టాను.

జాక్సన్ హైట్స్ నివాసి:

కోశాధికారి గారు చెప్పిన బాధ్యతలన్నీ నిజమే, పరిశీలన వద్దని నేను అనడం లేదు. నా అభ్యంతరం మౌనం మీద.

1959లో 791 పార్క్ ఎవెన్యూ కేసులో ఇదే కోర్ట్ ఆఫ్ అపీల్స్, తమ లిఫ్టులనూ నడవాలనూ ఎవరితో పంచుకోవాలో కో-ఆప్ యజమానులే నిర్ణయించుకోవచ్చని చెప్పింది. ఆ తరువాత 1968లో ఫెడరల్ ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. నగర మానవహక్కుల చట్టమైతే జాతి, మతం, జాతీయ మూలాలతో పాటు పౌరసత్వ స్థితి ఆధారంగా కూడా వివక్ష చూపకూడదంటుంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఇది నేరుగా వర్తించే విషయం. అంటే బోర్డు ఏ కారణంతోనైనా కాదనవచ్చన్న కాలం ఎప్పుడో పోయింది. మిగిలింది, ఆ కారణం ఏమిటో చెప్పనక్కరలేదన్న వెసులుబాటు ఒక్కటే. చెప్పని కారణం చట్టబద్ధమైనదో కాదో తేల్చుకోవాలంటే దరఖాస్తుదారుకు దావా తప్ప దారి లేదు. వివక్ష కేసు ప్రాథమిక దశ దాటిందంటే, చట్టబద్ధమైన కారణాన్ని చూపవలసిన భారం ఎలాగూ బోర్డు మీదే పడుతుంది. లాయర్లకు వేల డాలర్లు పోసిన తరువాత కోర్టులో చెప్పే ఆ కారణాన్నే ముందుగా ఒక ఉత్తరంలో చెప్పమంటున్నాను.

మౌనం బోర్డు సభ్యులనైనా కాపాడుతుందా? బీక్‌మన్ హిల్ హౌస్ ఉదంతం చూడండి. ఒక వాటాదారు తన ఫ్లాటును సబ్‌లీజుకు ఇవ్వబోయిన దంపతులలో భర్త నల్లజాతీయుడు. బోర్డు ఆ దరఖాస్తును తిరస్కరించింది. జ్యూరీ జాతివివక్ష జరిగిందని తేల్చి, బోర్డు అధ్యక్షుడి మీద వ్యక్తిగతంగా 125,000 డాలర్ల శిక్షాత్మక పరిహారం విధించింది. ఆ భారాన్ని భవనమే భరించాలని ఆయన కోరితే, దురుద్దేశంతో ప్రవర్తించినవారికి ఆ హక్కు లేదని 2000లో కోర్ట్ ఆఫ్ అపీల్స్ తోసిపుచ్చింది. 2012లో డకోటా భవనం కేసులో దాని కింది స్థాయి అప్పీలు కోర్టు అయిన అప్పిలేట్ డివిజన్ కూడా, వివక్షలో స్వయంగా పాలుపంచుకున్న సభ్యుడి మీద వ్యక్తిగతంగా దావా నడవవచ్చని చెప్పింది. కారణం రాయవలసి వస్తే, ఓటు వేసేముందే ప్రతి సభ్యుడూ ‘ఈ మాటను కాగితం మీద పెట్టగలమా’ అని ఆలోచించుకుంటాడు. సక్రమంగా నడిచే బోర్డుకు అంతకంటే మంచి రక్షణ నాకు కనిపించడం లేదు.

మనవాళ్లకు సంబంధించిన మరొక చిక్కు ఉంది. డౌన్ పేమెంటులో కొంత భాగం హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న తల్లిదండ్రులు పంపినదైతే, ఆ డబ్బు మూలం గురించి బోర్డుకు సందేహం రావడం సహజం. ఆ సందేహాన్ని చెబితే స్థలం అమ్మిన దస్తావేజో, బ్యాంకు పత్రమో చూపించి తీర్చవచ్చు. చెప్పకపోతే ఆ కుటుంబం అదే దరఖాస్తును మరొక భవనానికి పట్టుకెళ్లి, మళ్లీ అలాగే వెనుదిరుగుతుంది.

ఫారెస్ట్ హిల్స్ కోశాధికారి:

బీక్‌మన్ హిల్ హౌస్ తీర్పు నాకు తెలుసు. మా లాయరు కొత్త సభ్యులందరికీ దాన్ని వివరిస్తారు. కానీ చట్టం కారణం అడిగితే, లాయర్లు రాసిచ్చిన ‘ఆర్థిక ప్రమాణాలకు సరిపోలేదు’ అన్న ఒకే వాక్యాన్ని అన్ని బోర్డులూ వాడతాయి. దానివల్ల దరఖాస్తుదారుకు కలిగే లాభం చాలా తక్కువ.

దానికంటే, ప్రతి భవనం తన ప్రమాణాలను ముందే ప్రకటించాలన్న నిబంధనకు నేను ఒప్పుకుంటాను. ఆదాయంలో అప్పుల వాటా ఎంత మించకూడదు, కొనుగోలు పూర్తయ్యాక చేతిలో ఎన్ని నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము మిగలాలి అన్నవి బయటపెట్టడానికి మాకు అభ్యంతరం లేదు. నగరానికి ఉత్తరాన ఉన్న వెస్ట్‌చెస్టర్ కౌంటీ 2018లో చేసిన చట్టం ప్రకారం తిరస్కరణ సంగతిని అక్కడి మానవహక్కుల కమిషన్‌కు తెలియజేయాలి. అటువంటి ఏర్పాటు ఇక్కడికి వచ్చినా నేను ఎదిరించను.

జాక్సన్ హైట్స్ నివాసి:

ప్రమాణాలు ముందే ప్రకటించి ఉంటే, ‘సరిపోలేదు’ అన్న ఆ ఒక్క వాక్యానికీ విలువ వస్తుంది, ఎందుకంటే అంకెలు సరిపోయాయో లేదో దరఖాస్తుదారు తానే చూసుకోగలడు. పైగా ఒకసారి ఆర్థిక కారణమని రాసిన బోర్డు, రేపు కోర్టులో ఇంకో కారణం చెబితే ఎవరూ సులభంగా నమ్మరు. అందువల్ల నేను రెండూ అడుగుతున్నాను.

రీగో పార్క్ అమ్మకందారు:

ప్రమాణాల జాబితాలో, ధర తక్కువన్న కారణంతో బోర్డు తిరస్కరిస్తుందా లేదా అన్నది కూడా ఉండాలి. భవనంలో ఫ్లాట్ల విలువ పడిపోకూడదని ఒక కనీస ధరను మనసులో పెట్టుకునే బోర్డులు ఉన్నాయి. అది వివక్ష కాదు కాబట్టి మానవహక్కుల కమిషన్ పరిధిలోకి రాదు. ఆ అంకె తెలిస్తే, అంతకు తక్కువ ధరకు నేను ఒప్పందమే చేసుకోను.