తూనీగకు అంటిన నీటి నల్లులను స్పష్టంగా ఫొటో తీయడం ఎలా?

మాక్రో ఫొటోగ్రఫీలో (చిన్న వాటిని అతి దగ్గరగా తీయడంలో) అనుభవం ఉన్నవారందరికీ నమస్కారం. మా చెరువు గట్టున వాలే సన్న తూనీగల రొమ్ము కింద, పొట్ట అడుగున నీటి నల్లుల (నీటిలో బతికే ‘మైట్స్’ అనే చిన్న జీవుల) పిల్లలు చిన్న చిన్న ఎర్రని పూసల్లా అంటుకొని కనిపిస్తున్నాయి. తూనీగ ఇంకా నీటిలో పిల్లదశలో ఉండగానే ఇవి దాని మీదికి చేరి, అది రెక్కలతో బయటికి వచ్చే వేళ కొత్త శరీరం మీదికి మారి, దాని ఒంటిలోని ద్రవాన్ని పీలుస్తూ పెరిగి, అది జతకట్టడానికో గుడ్లు పెట్టడానికో మళ్లీ నీటి దగ్గరికి వచ్చినప్పుడు రాలిపోతాయి. ఎంతో అద్భుతమైన ఈ సంబంధాన్ని, తూనీగ కన్నూ నల్లుల గుంపూ రెండూ స్పష్టంగా ఉండే ఒకే చిత్రంలో చూపాలన్నది నా కోరిక.

నా దగ్గర ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా, 1:1 వరకు (అంటే వస్తువు అసలు సైజులోనే సెన్సర్‌పై పడేలా) తీయగల 100 మి.మీ. మాక్రో లెన్స్, డిఫ్యూజర్ (వెలుగును మెత్తబరిచే తెర) తొడిగిన ఫ్లాష్ ఉన్నాయి. 1:1 వద్ద లెన్స్ రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్/11కు చిన్నది చేసినా ఫోకస్‌లో ఉండే మందం ఒక మిల్లీమీటరు దరిదాపులోనే ఉంటోంది; ఇంకా చిన్నదైన ఎఫ్/22కు వెళ్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెలుగు చెదరడం) వల్ల చిత్రమంతా మెత్తబడిపోతోంది. తెల్లవారుజామున చలికి తూనీగ కదలకుండా ఉన్నప్పుడు ఫోకస్ స్టాకింగ్‌కు (ఫోకస్ కొద్దికొద్దిగా మార్చి తీసిన ఫ్రేములను ఒకే చిత్రంగా కలపడానికి) వీలుంది గానీ, గాలికి గడ్డిపోచ ఊగితే ఫ్రేములు ఒకదానితో ఒకటి కలవడం లేదు. పురుగును పట్టి ఫ్రిజ్‌లో పెట్టి తీసే పద్ధతి మాత్రం నాకు సమ్మతం కాదు.

గడ్డిపోచను నిలకడగా ఉంచడానికి మీరు ఏమి వాడుతున్నారు? నల్లుల నున్నని ఒంటిపై ఫ్లాష్ వెలుగు తెల్లని మచ్చగా పడకుండా డిఫ్యూజర్‌ను ఎంత దగ్గరగా, ఏ వైపున ఉంచాలి? ఆ ఎరుపు వివరాలు లేని ముద్దగా మారకుండా ఎక్స్‌పోజర్ ఎంత తగ్గించాలో కూడా దయచేసి చెప్పగలరు.