అప్‌డేట్: నాన్నగారి తుంటి ఎముక నొప్పికి ఫోకస్డ్ అల్ట్రాసౌండ్

ప్రొస్టేట్ క్యాన్సర్ తుంటి ఎముకకు పాకి, రేడియేషన్ తరువాత కూడా నొప్పి తగ్గని మా నాన్నగారికి ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ (శబ్ద తరంగాలను ఒకే చోట కేంద్రీకరించి వేడి పుట్టించే చికిత్స) పనికివస్తుందా అని రెండు నెలల క్రితం అడిగాను. గత నెలలో ఆ చికిత్స జరిగింది.

నేను మొదట పొరబడిన విషయం ఒకటుంది: ఎముకకు పాకిన క్యాన్సర్‌లో ఇది వ్యాధిని నయం చేయడానికి కాదు, నొప్పిని తగ్గించడానికి, అమెరికాలో మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో అనుమతి ఇచ్చింది కూడా ఆ ప్రయోజనానికే. ఎముక అల్ట్రాసౌండ్ శక్తిని బాగా పీల్చుకుని వేడెక్కుతుంది కనుక దాని పైపొరలోని నాడులు ఆ వేడికి దెబ్బతిని నొప్పి సంకేతాలు ఆగిపోతాయని, రోగిని ఎమ్మారై యంత్రంలోనే పడుకోబెట్టి, ప్రతి విడతలోనూ ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చిత్రాల్లో చూస్తూ చేస్తారని డాక్టరుగారు ఎంతో ఓపికగా వివరించారు. కోత లేదు, అయితే వేడి తగిలినప్పుడు నొప్పి పుడుతుంది కనుక మత్తు ఇచ్చారు.

మొదటి రెండు రోజులు నొప్పి పెరగడంతో చాలా భయపడ్డాము. నాలుగో రోజు నుంచి తగ్గింది. ఇప్పుడు నాన్నగారు ఆ పక్కకు తిరిగి నిద్రపోగలుగుతున్నారు. మార్ఫిన్ మోతాదును డాక్టరుగారు సగానికి తగ్గించారు. హార్మోన్ చికిత్స యథాప్రకారం కొనసాగుతోంది.