ఆఫీసు మెయిల్ సర్వర్‌కి గ్రేలిస్టింగ్ పెట్టాలా, వద్దా?

గాజువాక కుర్రాడు: మాది వైజాగ్ పోర్టు దగ్గర చిన్న షిప్పింగ్ ఏజెన్సీ. సొంత మెయిల్ సర్వర్, పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. స్పామ్ భరించలేక, గ్రేలిస్టింగ్ చేసే పోస్ట్‌గ్రే అనే ప్రోగ్రామ్ పెడదామంటే మా సారు వద్దంటున్నారు. "ఓడ కెప్టెన్ మెయిల్ లేటైతే బెర్త్ సంగతి నువ్వు చూస్తావా?" అని అడుగుతున్నారు. మీరేమంటారు?

సీతమ్మధార: పెట్టెయ్ తమ్ముడూ. 2003లో ఇవాన్ హారిస్ చెప్పిన చిట్కా ఇది. పంపే ఐపీ, పంపినవారి అడ్రస్, అందుకునేవారి అడ్రస్: ఈ మూడూ కలిసి మొదటిసారి కనిపిస్తే సర్వర్ తాత్కాలిక ఎర్రర్ ఇచ్చి తిప్పి పంపుతుంది. అసలైన సర్వర్ మెయిల్‌ని క్యూలో పెట్టుకుని మళ్లీ వస్తుంది. స్పామ్ బాట్‌కి అంత ఓపిక ఉండదు. మన ఊళ్లల్లో గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారే, అలాగన్నమాట.

ఎంవీపీ డబుల్ రోడ్: ఆ కథలో దెయ్యం మర్నాడు మళ్లీ వచ్చేదండీ! ఇప్పటి స్పామర్లూ అంతే. పాస్‌వర్డ్ కొట్టేసిన అకౌంట్ల నుంచి, అసలైన సర్వర్ల మీదుగానే పంపుతున్నారు. ఆ సర్వర్లు బుద్ధిగా మళ్లీ ప్రయత్నిస్తాయి. నష్టం మనకే. పోస్ట్‌గ్రే మామూలుగా ఆపేది 300 సెకన్లే, కానీ ఎప్పుడు మళ్లీ రావాలో తేల్చేది అవతలి సర్వర్. మెయిల్ పంపే పద్ధతికి ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం ఆ విరామం కనీసం 30 నిమిషాలు ఉండాలి. అందరూ అంతసేపు ఆగరు, కొందరు ఆగుతారు. ఈలోగా ఓటీపీ గడువు అయిపోతుంది. పైగా వీళ్లకి వచ్చే ప్రతి ఓడా కొత్త అడ్రసే.

సీతమ్మధార: అడ్రస్ కొత్తదైనా సర్వర్ కొత్తది కానక్కర్లేదు కదా. ఒకే సర్వర్ నుంచి ఐదు మెయిల్స్ సజావుగా దాటితే పోస్ట్‌గ్రే దాన్ని ఆపడం మానేస్తుంది.

ఎంవీపీ డబుల్ రోడ్: ఆ ఐదింట్లో ఒకటి అర్ధరాత్రి అర్జెంట్ మెయిల్ అయితే?

వన్ టౌన్: అందర్నీ ఎందుకు ఆపడం? ఆర్‌స్పామ్‌డీ పెట్టుకో, అది ప్రతి మెయిల్‌కీ స్పామ్ స్కోరు వేసే ఫిల్టర్. డిఫాల్ట్‌గా స్కోరు 4 దాటిన అనుమానపు మెయిల్స్‌నే గ్రేలిస్ట్ చేస్తుంది, మిగతావి ఆగకుండా వస్తాయి. బ్యాకప్ ఎంఎక్స్ (అసలు సర్వర్ అందనప్పుడు మెయిల్ తీసుకునే రెండో సర్వర్) ఉంటే అక్కడా ఇదే పెట్టాలి, లేకపోతే స్పామంతా ఆ దారిన దిగుతుంది.

గాజువాక కుర్రాడు: ఇదైతే సారు ఒప్పుకునేలా ఉన్నారు. షిప్పింగ్ లైన్ల డొమైన్లన్నీ వైట్‌లిస్ట్‌లో (ఆపకుండా వదిలేసే జాబితాలో) పెట్టమన్నారు.

వన్ టౌన్: డొమైన్ పేరొక్కటే చూసి వదలకు, ఆ పేరుతో ఎవడైనా పంపగలడు. మెయిల్ నిజంగా ఆ డొమైన్ వాళ్లదేనా అని చూసే ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ పరీక్ష పాసైతేనే వదిలేలా రాయి.