విశాఖ ఉప్పుగాలికి, నడుము నొప్పికి తగిన మంచం, పరుపు ఏవి?

ప్రశ్న: ఎం.వి.పి. కాలనీ నివాసి

మేము ఎం.వి.పి. కాలనీలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటున్నాము. పడకగది కిటికీలు సముద్రం వైపు ఉండటం వల్ల గాలికి కొదవ లేదు గాని, ఆ గాలితో వచ్చే చెమ్మ వల్ల పక్కబట్టలు ఎప్పుడు చూసినా కొంచెం తడిగా ఉన్నట్లే అనిపిస్తాయి. ప్రస్తుతం వాడుతున్నది మా నాన్నగారు చేయించిన టేకు మంచం. దాని మీద ఉన్నది మా పెళ్ళినాటి కొబ్బరి పీచు పరుపు. ఆ పరుపు నడిమి భాగం దిగిపోయి, ఇద్దరమూ నిద్రలో తెలియకుండానే మధ్యకు జారుతున్నాము. నా భార్యకు తెల్లవారి లేచేసరికి నడుము పట్టేసి ఉంటుంది. ఇంటి పనిలో పడి అటూ ఇటూ తిరిగాక సర్దుకుంటుంది. నాకు నొప్పి లేదు గాని, మంచం పొడవు 72 అంగుళాలే కావడం, నేను ఆరడుగుల మనిషిని కావడం వల్ల కాళ్ళు చాపితే పాదాలు చెక్కకు తగులుతాయి.

దుకాణాలలో అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెబుతున్నారు. ఒకరు నడుము నొప్పికి ఎంత గట్టి పరుపైతే అంత మంచిదన్నారు. మరొకరు మెమరీ ఫోమ్ తప్ప వేరే దారి లేదన్నారు. బంధువులేమో నేల మీద చాప వేసుకోమంటున్నారు. పరుపు ఒక్కటే మార్చితే సరిపోతుందా, మంచం కూడా మార్చాలా? గట్టి పరుపే మంచిదన్న మాటలో నిజమెంత? సామాన్లు పెట్టుకోవడానికి వీలుగా కింద పెట్టె ఉండే హైడ్రాలిక్ మంచం తీసుకుందామని నా భార్య అంటున్నది. మన ఊరి తేమకు అది నిలుస్తుందా? రెండింటికీ కలిపి 50,000 రూపాయల వరకు పెట్టగలము. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: సీతమ్మధార నుంచి ఒక ఫిజియోథెరపిస్టు

నమస్కారమండి. ముందు నడుము నొప్పి సంగతి తేల్చుకుంటే మిగిలిన ప్రశ్నలు సులువవుతాయి. లేచిన వెంటనే పట్టేసి, కాసేపు తిరిగితే సర్దుకునే నొప్పికి గుంట పడిన పరుపు కారణం కావచ్చు. దీన్ని పైసా ఖర్చు లేకుండా పరీక్షించవచ్చు: కొద్ది రోజుల పాటు ఆవిడను వేరే గదిలో, గుంటలు లేని మరో పరుపు మీద పడుకోమనండి. అక్కడ హాయిగా లేస్తే తప్పు పరుపుదేనని అనుకోవచ్చు. అలా కాక నొప్పి పగలంతా ఉన్నా, కాలిలోకి తిమ్మిరి పాకుతున్నా, నొప్పి వల్ల అర్ధరాత్రి మెలకువ వస్తున్నా, ఉదయం బిగుసుకుపోవడం అరగంట దాటి కొనసాగుతున్నా, పరుపుల దుకాణానికి వెళ్ళే ముందు కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)‌లోనో మీకు వీలైన మరో చోటనో ఎముకల వైద్యులకు చూపించడం మంచిది.

గట్టి పరుపు విషయంలో మన ఇళ్ళలో ఉన్న నమ్మకం చాలా పాతది. ఒకప్పుడు వైద్యులు కూడా చెక్క బల్ల మీద పడుకోమనే చెప్పేవారు. అయితే స్పెయిన్‌లో చాలాకాలంగా నడుము నొప్పితో బాధపడుతున్న 313 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు గట్టి పరుపులు, మరో జట్టుకు మధ్యస్థమైన గట్టిదనం గల పరుపులు ఇచ్చి 90 రోజుల తరువాత పరిశీలించినప్పుడు, రెండో జట్టువారికే పడకలో ఉన్నప్పటి నొప్పి, లేచేటప్పటి నొప్పి ఎక్కువగా తగ్గాయి. ఈ ఫలితాలు 2003లో ల్యాన్సెట్ పత్రికలో వచ్చాయి. కారణం ఊహించడం కష్టం కాదు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజమూ తుంటీ పరుపులోకి కొంత దిగాలి, నడుము కింద మాత్రం ఆధారం ఉండాలి. అప్పుడే వెన్ను వంకర పోకుండా ఉంటుంది. మరీ గట్టి పరుపు మీద నడుము గాలిలో వేలాడుతుంది, మరీ మెత్తని పరుపులో తుంటి కుంగిపోతుంది. నేల మీద చాప కొందరికి పడుతుంది గాని, నొప్పి ఉన్న మనిషి నేల మీద నుంచి లేవడమే ఒక శ్రమ.

మధ్యస్థం అనేది మనిషి బరువును బట్టి మారుతుందని మరచిపోకండి. 50 కిలోల మనిషికి గట్టిగా తోచే పరుపు 85 కిలోల మనిషికి మెత్తగా ఉంటుంది. కాబట్టి దుకాణానికి ఇద్దరూ వెళ్ళి, చెప్పులు విడిచి, మీరు ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే ఒక్కొక్క పరుపు మీద పది పదిహేను నిమిషాలు పడుకొని చూడండి. చేత్తో నొక్కి చూస్తే తెలిసేది ఏమీ లేదు. పరుపు మీద ‘ఆర్థోపెడిక్’ అని ఉన్నంత మాత్రాన దాన్ని వైద్యులెవరో పరీక్షించి ఆమోదించారని అర్థం కాదు.

జవాబు: కంచరపాలెంలో చెక్కపని చేయించేవారు

టేకు మంచాన్ని తీసివేయవద్దని ముందుగా మనవి. అటువంటి పాత కర్ర ఈ రోజు కొనబోతే మీరు అనుకున్న మొత్తంలో సగానికి పైగా మంచానికే పోతుంది. పరుపు తీసి, కింద ఉన్న చెక్కల మీద ఒక పొడవాటి తిన్నని కర్రను అడ్డంగానూ నిలువుగానూ పెట్టి చూడండి. మధ్యలో సందు కనిపిస్తే చెక్కలు వంగినట్లే, దాని మీద ఎంత ఖరీదైన పరుపు వేసినా మళ్ళీ గుంట పడుతుంది. అప్పుడు చెక్కలు మార్చి, మధ్యలో ఒక నడిమి పట్టె, దాని కింద నేలకు ఆనేలా ఒకటో రెండో కోళ్ళు వేయిస్తే చాలు. ఇద్దరు పడుకునే వెడల్పు మంచానికి నడిమి కోడు లేకపోవడమే నేను చూసిన చాలా మంచాలలో అసలు లోపం.

పొడవు సమస్యకు కూడా కొత్త మంచం అక్కరలేదు. తలవైపు పలకనూ కాళ్ళవైపు పలకనూ కలిపేవి రెండు పక్క పట్టెలే. వాటి స్థానంలో పొడవైన పట్టెలు చేయించి బిగిస్తే 72 అంగుళాల మంచం 78 అంగుళాలదవుతుంది. రంగు తేడా రాకుండా పాలిష్ మొత్తానికీ కొత్తగా వేయించాలి. వెడల్పు పెంచాలంటే మాత్రం పలకలే మార్చాలి గనుక అది కొత్త మంచంతో సమానమైన పని.

ఇక హైడ్రాలిక్ మంచం. ఇల్లు ఇరుకైనప్పుడు దాని ఉపయోగాన్ని కాదనలేము. కాని మన ఊరిలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ 70 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. రాత్రంతా ఒంటి నుంచి దిగే చెమట పరుపు అడుగుకు చేరి, కింద మూసిన ప్లైవుడ్ పలక ఉంటే ఎటూ పోలేక అక్కడే నిలుస్తుంది. కొంతకాలానికి పరుపు లేపి చూస్తే అడుగున నల్లని బూజు చుక్కలు కనిపిస్తాయి. పెట్టెలో దాచిన పట్టుచీరలకు కూడా ఆ వాసన పడుతుంది. తప్పదనుకుంటే పై పలకకు వరుసగా రంధ్రాలు పెట్టించండి, పలక ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌తో చేసిందా అని అడగండి. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు మంచం చూపుకు బాగుంటుంది, ధర కూడా తక్కువే. తడి తగిలిన అంచులు మాత్రం ఉబ్బిపోయి మళ్ళీ మామూలు స్థితికి రావు, మరలు పట్టు వదులుతాయి. సముద్రానికి దగ్గరలో ఇనుప మంచాలకు పౌడర్ కోటింగు ఉన్నా, పూత గీసుకుపోయిన చోట, వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు మొదలవుతుంది.

జవాబు: మధురవాడ నుంచి

మేము ఈ మధ్యనే పరుపు కొన్నాము గనుక, అప్పుడు సేకరించిన వివరాలు రాస్తున్నాను.

మెమరీ ఫోమ్ 1966లో నాసా కోసం విమాన సీట్ల పరిశోధనలో పుట్టిన పదార్థం. ఒంటి వేడికి మెత్తబడి శరీరం ఆకారాన్ని పట్టుకుంటుంది. అదే దాని గుణం, మన వాతావరణంలో అదే దాని ఇబ్బంది కూడా. ఒంటిని చుట్టూ పట్టుకోవడం వల్ల గాలి ఆడదు, వేడి బయటికి పోదు. నిద్ర పట్టాలంటే శరీరం లోపలి ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గాలి. మే నెలలో కరెంటు పోయిన రాత్రి మొత్తం మెమరీ ఫోమ్ పరుపు మీద పడుకోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. రాత్రంతా ఏసీ నడిచే ఇళ్ళలో, పైన ఒకటి రెండు అంగుళాల పొరగా మాత్రమే ఉంటే పరవాలేదు.

రబ్బరు పాలతో చేసే సహజ లేటెక్స్ పరుపు నా దృష్టిలో మీకు తగినది. నొక్కిన వెంటనే తిరిగి లేస్తుంది, లోపల అచ్చు వేసిన రంధ్రాల వల్ల గాలి ఆడుతుంది, త్వరగా గుంట పడదు. ధర ఎక్కువ, బరువు ఇంకా ఎక్కువ. 78 అంగుళాల పొడవు, 72 అంగుళాల వెడల్పు ఉన్నదాన్ని ఇద్దరు కలిసి తిప్పడం కూడా కష్టమే. పూర్తిగా లేటెక్సేనా, లేక మామూలు ఫోమ్ మీద ఒక అంగుళం లేటెక్స్ అతికించారా అని బిల్లు మీదే రాయించుకోండి, ఎందుకంటే రెండింటినీ ఒకే పేరుతో అమ్మేవారున్నారు. కొందరికి లేటెక్స్ పడదు, చర్మం దద్దురు లేస్తుంది. ఇంట్లో అలాంటివారుంటే దీన్ని వదిలివేయాలి.

పాకెట్ స్ప్రింగు పరుపులో ఒక్కొక్క స్ప్రింగు విడిగా గుడ్డ సంచిలో ఉంటుంది గనుక ఒకరు కదిలితే మరొకరికి తెలియడం తక్కువ, మధ్యకు జారడమూ తక్కువే. లోపలంతా ఖాళీ కాబట్టి చల్లగానూ ఉంటుంది. స్ప్రింగులన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే చౌక బోనెల్ రకంతో దీన్ని కలపకండి. ఉప్పుగాలికి తీగ తుప్పు పట్టే మాట నిజమే గాని, కిటికీకి ఆనించి వేయకపోతే, వాన జల్లు పడకుండా చూసుకుంటే ఆ భయం పెద్దది కాదు. మామూలు పాలియురేథేన్ ఫోమ్ అయితే సాంద్రత ఎంతో అడగండి: ఘనపు మీటరుకు 40 కిలోలది నిలుస్తుంది, 28 కిలోల లోపుది ఇద్దరు పెద్దవాళ్ళు రోజూ పడుకుంటే త్వరగా అణిగిపోతుంది. కొబ్బరి పీచు పరుపు గాలి ఆడే విషయంలో మంచిదే. కాకపోతే కాలం గడిచేకొద్దీ పీచు విరిగి, మీ పరుపులాగే మధ్యలో దిగుతుంది.

ప్రశ్నించినవారు మళ్ళీ

అందరికీ కృతజ్ఞతలు. పక్క పట్టెలు మార్చించవచ్చన్న సంగతి మాకు తట్టనే లేదు. మంచం ఉంచుకోవాలనే నిర్ణయానికి వచ్చాము. మరో రెండు సందేహాలు. శ్రీకాకుళం నుంచి మా అమ్మగారు వచ్చి కొన్ని నెలలు మాతో ఉంటారు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. బూరుగు దూది పరుపు తప్ప మరొకటి ఒప్పుకోరు. ఆమెకు విడిగా ఒక చిన్న మంచం, పరుపు ఏర్పాటు చేయాలి. అలాగే లేటెక్స్ పరుపును దూది పరుపులాగే డాబా మీద ఎండలో వేయవచ్చా?

జవాబు: పెదవాల్తేరు నుంచి, పదవీ విరమణ చేసినవారు

మీ అమ్మగారి మాటలో న్యాయముంది. బూరుగు దూది పోగు మీద సహజంగానే మైనంలాంటి పూత ఉంటుంది, అందుకని అది నీటిని త్వరగా పీల్చదు. ఒకప్పుడు ఓడలలో వాడే లైఫ్ జాకెట్లను కూడా ఈ దూదితోనే నింపేవారు. పత్తి దూది అలా కాదు, చెమ్మ పట్టి ఉండలు కడుతుంది. అయితే బూరుగు దూది పోగు పెళుసు. కొన్నేళ్ళకు నలిగి పొడి అవుతుంది, అప్పుడు కొంత కొత్త దూది కలిపి కుట్టించుకోవాలి. ఒత్తుగా, దట్టంగా కుట్టమని చెప్పండి, లేకపోతే నెల తిరిగేసరికి సగం మందమే మిగులుతుంది. లోపల ఉన్నది బూరుగు దూదేనా, మిల్లు వ్యర్థమా అన్నది కుట్టు వేయకముందే కళ్ళతో చూడాలి.

మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి పరుపు రకం కన్నా మంచం ఎత్తు ముఖ్యం. అంచున కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు తుంటి కన్నా పైకి లేవకూడదు. ఆమె పొడవును బట్టి పరుపుతో కలిపి 18 నుంచి 21 అంగుళాల మధ్య ఎక్కడో కుదురుతుంది. దూది అణుగుతుంది గనుక ఒక అంగుళం ఎక్కువే పెట్టించండి. మంచం అంచు దగ్గర చేత్తో పట్టుకొని లేవడానికి గట్టి పట్టె ఉండాలి.

లేటెక్స్ పరుపును మాత్రం ఎండలో వేయకూడదు. నేరుగా తగిలే ఎండకు రబ్బరు గట్టిపడి పెచ్చులూడుతుంది. పొద్దున్నే దుప్పటి తీసి, కిటికీలు తెరచి, ఫ్యాను కింద గంటసేపు ఆరనిస్తే చాలు. పక్క సర్దడానికి తొందరపడనక్కరలేదు. ధూళి పురుగులు తేమ 50 శాతానికి తగ్గితే బతకలేవు, మన ఊరిలో ఆ సుఖం లేదు కాబట్టి గలేబులు, దుప్పట్లు వారానికొకసారి వేడినీటితో ఉతకడం, పరుపుకు ఉతకదగిన పైతొడుగు వేయడం తప్పవు. ప్లాస్టిక్ తొడుగు వద్దు, చెమట పడుతుంది.

జవాబు: సీతమ్మధార ఫిజియోథెరపిస్టు

ఒక మాట కలుపుతాను. ఆన్‌లైన్‌లో అమ్మే కొన్ని కంపెనీలు నచ్చకపోతే తిరిగి ఇవ్వడానికి 100 రాత్రుల వరకు గడువు ఇస్తున్నాయి. ఒంటికి కొత్త పరుపు అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు గనుక, దుకాణంలో కొన్నా ఇలాంటి వెసులుబాటు ఉందేమో అడగండి. వారంటీ కార్డులో ఎంత లోతు గుంట పడితే లోపంగా లెక్కిస్తారో, మరకలు పడితే వారంటీ చెల్లుతుందో లేదో చదువుకోండి. మీ బరువుల్లో తేడా ఎక్కువగా ఉంటే, మంచం వెడల్పు 72 అంగుళాలైన పక్షంలో, ఒక్కొక్కటి 36 అంగుళాల రెండు పరుపులు వేరువేరు గట్టిదనంతో తీసుకొని పక్కపక్కనే వేసుకోవచ్చు. మధ్య సందు మీద ఒక పలుచని పైపరుపు వేస్తే తెలియదు. ఆవిడ పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టుకోమనండి, ఇది పరుపు వచ్చే లోపే మొదలుపెట్టవచ్చు.

జవాబు: కంచరపాలెంలో చెక్కపని చేయించేవారు

రెండు పరుపుల ఆలోచన ఇంకో విధంగా కూడా మేలు. మూడో అంతస్తు అన్నారు కదా. 72 అంగుళాల వెడల్పు స్ప్రింగు పరుపు మడత పడదు, పాత అపార్టుమెంట్ల లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. అడ్వాన్సు ఇచ్చే ముందే మలుపు కొలత తీసుకోండి. మంచం పట్టెలు ముందు మార్చించి, లోపలి కొలత మరోసారి చూసిన తరువాతే పరుపు చెప్పండి; పలకల మధ్య పరుపు చుట్టూ అర అంగుళం వదులు ఉంటే దుప్పటి దోపడానికి వీలుగా ఉంటుంది.