ఇంటి స్తంభాలకు 550 కడ్డీయా, 500డీ కడ్డీయా?

ఇల్లు కడుతున్న గుంటూరు సభ్యుడు:
జీ+2 వేస్తున్నాం. ఇనుము కొట్టతను "550 తీసుకోండి, బలం ఎక్కువ, కడ్డీలు తక్కువ పడతాయి" అంటున్నాడు. మా ఇంజనీరు గారేమో డ్రాయింగులో 500డీ రాశారు. బలమైనది దొరుకుతుంటే తక్కువది ఎందుకు? తెలిసినవాళ్లు చెప్పండి.

కాంట్రాక్టు పనులు చేసే సభ్యుడు:
550 వేయండి. డీ అంటే ఎక్కువ సాగుతుందని అర్థం, అంతే. కడ్డీ సాగేదాకా వచ్చిందంటే కాంక్రీటు ఎప్పుడో పగిలిపోయి ఉంటుంది. ఆ సాగుడుతో మనకేం పని?

టెస్టింగ్ ల్యాబులో పనిచేసే సభ్యుడు:
ఆ సాగుడుతోనే పని అన్నా. రోజూ యూటీఎం (కడ్డీని లాగి బలం కొలిచే యంత్రం) మీద కడ్డీలు తెంపేవాణ్ణి, చూసింది చెబుతాను.

12 ఎంఎం కడ్డీ మీద 60 మిల్లీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి దవడల్లో బిగిస్తాం. మొదట్లో లోడు తీసేస్తే కడ్డీ మళ్లీ మొదటి పొడవుకే వస్తుంది. ఇక్కడ 500కీ 550కీ తేడాయే లేదు, రెండూ ఒకే బిగువు. 500, 550 అంటే కడ్డీ లొంగే ఒత్తిడి, చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లని. 500 అయితే దాదాపు 5.8 టన్నుల దగ్గర కడ్డీ లొంగుతుంది, అంటే ఇక మొదటి పొడవుకు తిరిగి రాదు. పైనున్న నల్లటి పొలుసు టపటపా రాలుతుంది. అక్కణ్ణించి సాగుతూనే గట్టిపడుతుంది. చివరికి ఒకచోట నడుం సన్నబడి ఢామ్మని తెగుతుంది. తెగిన చోటు ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. మధ్యలో బూడిద రంగు గరుకు, అంచున ఏటవాలు కోత. గంధకంతో ఏర్పడ్డ మాంగనీస్ సల్ఫైడ్ రేణువుల చుట్టూ సన్న రంధ్రాలు పుట్టి, పెరిగి, కలిసిపోవడం వల్ల వచ్చే గరుకు అది. అందుకే కడ్డీల భారతీయ ప్రమాణం ఐఎస్ 1786లో మామూలు 550కి గంధకం 0.055 శాతం దాకా ఒప్పుకున్నా, 500డీకి 0.040 దాటనివ్వరు.

రెండు ముక్కలూ జోడించి కొలిస్తే 500డీలో ఆ 60 కనీసం 69.6 కావాలి, అంటే 16 శాతం సాగుడు. మామూలు 550కి 66 చాలు, అంటే 10 శాతం.

ఎంటెక్ చదివే సభ్యురాలు:
ఒక అభ్యంతరం అండీ. ఆ 16 శాతంలో పెద్ద భాగం నడుం సన్నబడ్డ ఆ కాస్త చోటుదే. అప్పటికి యంత్రంలో లోడు చూపే ముల్లు కిందికి దిగుతోంది, అంటే కడ్డీ ఓడిపోతోంది. ఓటమిని కొలిచి గొప్ప అనడం న్యాయమా?

టెస్టింగ్ ల్యాబు సభ్యుడు:
సగం మీ మాటే నిజం అమ్మా. ముల్లు దిగేది లోహం బలహీనపడి కాదు. సన్నబడ్డ చోట అసలు వైశాల్యం తీసుకుని లెక్కిస్తే ఒత్తిడి ఇంకా పెరుగుతూనే ఉంటుంది. కానీ భూకంపంలో అక్కరకొచ్చేది గరిష్ట లోడు దాకా కడ్డీ పొడవునా వచ్చే సాగుడే. అందుకే డీ రకాలకు అది విడిగా కనీసం 5 శాతం ఉండాలన్నారు.

నా దృష్టిలో అసలు సంగతి మరొకటి. 12 ఎంఎం 500డీ 5.8 టన్నులకు లొంగితే, కనీసం 6.5 దాకా మోస్తుంది. 550 దాదాపు 6.3కి లొంగి 6.75 దగ్గర ఆగిపోవచ్చు. ఈ మిగులే ప్రాణం. పగులు దగ్గర లొంగిన కడ్డీ గట్టిపడితేనే భారం పక్క భాగానికి పాకుతుంది. మిగులు లేకపోతే సాగుడంతా ఆ ఒక్క పగులు దగ్గరే పడి పుటుక్కుమంటుంది. భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాల ప్రమాణం, 2016 నాటి ఐఎస్ 13920, భూకంప భారం మోసే ఫ్రేములకు గరిష్ట లోడుకీ లొంగిన లోడుకీ నిష్పత్తి కనీసం 1.15 ఉండాలనీ, సాగుడు 14.5 శాతం దాటాలనీ అడగడం అందుకే.

కాంట్రాక్టు సభ్యుడు:
మరి 550డీ ఉంది కదా?

టెస్టింగ్ ల్యాబు సభ్యుడు:
ఉంది, మంచిదే. నేను కాదన్నది డీ లేని 550ని. ఏది కొన్నా ఆ లాటు టెస్టు సర్టిఫికెట్ అడిగి ఆ నిష్పత్తి, సాగుడు రెండు అంకెలూ చూడండి.

గుంటూరు సభ్యుడు:
500డీయే తెప్పిస్తున్నాను. ప్రతి సైజులో ఒక మీటరు ముక్క కోయించి ల్యాబుకి పంపుతా. ఫలితం ఇక్కడే పెడతాను.